లాక్‌డౌన్ వల్ల మేలెంత, నష్టమెంత: మనకు మనమే లెక్క వేసుకునే పద్ధతి

నేను నల్గొండ జిల్లాలో ఒక ప్రభుత్వ జూనియర్ కాలేజీలో ఎకనామిక్స్ చెబుతాను. ఇంటర్ సెకండియర్ పిల్లలతో ఏటా ఒక ప్రాజెక్టు చేయిస్తాను. 2020 లాక్‌డౌన్ మంచిదా చెడ్డదా అని తేల్చడం కాదు, దాని లాభనష్టాలను కాగితం మీద పెట్టడం. మొదటి రోజు క్లాసు రెండుగా చీలిపోతుంది. ఒక బెంచీ "ప్రాణం ముందు డబ్బెంత మేడం" అంటుంది. ఇంకో బెంచీ "పని పోయి పస్తులున్నోళ్లవి ప్రాణాలు కావా" అంటుంది. రెండూ నిజమే, అందుకే ఎంతసేపు వాదించుకున్నా ఏమీ తేలదు. ఆ వాదన ఆపించి, లెక్క ఎలా వేయాలో నేర్పుతాను. అదే ఇక్కడ రాస్తున్నాను. ఇంకో మహమ్మారి ఎప్పుడైనా రావచ్చు. అప్పుడు "అంతా మూసేయండి" అనేవాళ్ల వెంటో, "ఏదీ మూయొద్దు" అనేవాళ్ల వెంటో పోకుండా మనకంటూ ఒక లెక్క ఉండాలని నా పట్టుదల.

కావలసింది ఒక లాంగ్ నోట్‌బుక్, స్కేలు, పెన్సిల్. పెన్ను వద్దు, అంకెలు మారుతుంటాయి.

ఏ లాక్‌డౌన్ గురించి మాట్లాడుతున్నారో ముందు రాయండి

చాలామంది ఇక్కడే తప్పిపోతారు. మన దగ్గర లాక్‌డౌన్ ఒకటి కాదు. 2020 మార్చి 22 ఆదివారం జనతా కర్ఫ్యూ. ఆ సాయంత్రమే తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండూ మార్చి 31 దాకా సొంతంగా లాక్‌డౌన్ ప్రకటించాయి. మార్చి 24 రాత్రి 8 గంటలకు ప్రధాని దేశమంతటికీ 21 రోజులు ప్రకటించారు. అర్ధరాత్రి నుంచి అమలు, అంటే నాలుగు గంటల వ్యవధి. తెల్లారితే ఉగాది. ఆ తర్వాత మే 3 దాకా, మే 17 దాకా, మే 31 దాకా పొడిగించుకుంటూ పోయారు. ఇది మొదటిది.

2021 మేలో వచ్చింది వేరు. ఆంధ్రప్రదేశ్‌లో మే 5 నుంచి మధ్యాహ్నం 12 తర్వాత కర్ఫ్యూ. తెలంగాణలో మే 12 నుంచి లాక్‌డౌన్, మొదట్లో పొద్దున 6 నుంచి 10 దాకా సడలింపు, జూన్ 20న పూర్తిగా ఎత్తివేత. మొదటిది వచ్చేనాటికి దేశం మొత్తం మీద బయటపడిన కేసులు ఓ 500. రెండోది వచ్చేనాటికి రోజుకు నాలుగు లక్షల కేసులు చూసేశాం, ఆక్సిజన్ బెడ్ కోసం జనం ఊళ్లు తిరిగారు. ఈ రెండింటినీ ఒకే పేజీలో లెక్కిస్తే వచ్చే జవాబు దేనికీ పనికిరాదు. ఒక్కోదానికి ఒక్కో పేజీ పెట్టండి.

తర్వాత ఆ పేజీలో అడ్డ వరసలు గీయండి. లాక్‌డౌన్ అనేది ఒక నిర్ణయం కాదు, పది పన్నెండు నిర్ణయాల మూట. రైళ్లు బస్సులు ఆపడం ఒక వరస. దుకాణాలు, సంతలు ఒకటి. ఫ్యాక్టరీలు, కట్టడాల పనులు ఒకటి. పెళ్లిళ్లు, జాతరలు, గుళ్లు ఒకటి. బడులు ఒకటి. ముందస్తు వ్యవధి ఎంత ఇచ్చారనేది కూడా ఒక వరసే. జాతర ఆపడం వల్ల వచ్చే మేలు, బడి ఆపడం వల్ల వచ్చే మేలు సమానం కావు, వాటి నష్టాలూ సమానం కావు. మూట విప్పకుండా తూకం వేయొద్దు.

దేనితో పోల్చి నష్టం అంటున్నారు?

2020 ఏప్రిల్‌ను 2020 జనవరితో పోల్చి, తేడా అంతా లాక్‌డౌన్ నష్టం అని రాసేస్తుంటారు. అది తప్పు లెక్క. వైరస్ వచ్చాక లాక్‌డౌన్ లేకపోయినా జనవరి లాంటి ఏప్రిల్ ఉండేది కాదు. పోల్చాల్సింది "వైరస్ ఉంది, లాక్‌డౌన్ లేదు" అనే పరిస్థితితో. అది మన కళ్లతో చూసింది కాదు కాబట్టి ఊహించాలి. కష్టం ఇక్కడే ఉంది.

నేను పిల్లలకు కోళ్ల సంగతి చెబుతాను. 2020 ఫిబ్రవరిలో చికెన్ తింటే కరోనా వస్తుందని వాట్సాప్‌లో ఒక పుకారు తిరిగింది. లాక్‌డౌన్ మాటే లేదప్పుడు. చికెన్ ధర కుప్పకూలింది, కోళ్ల ఫారాల వాళ్లు మేత ఖర్చు కూడా రాక గగ్గోలు పెట్టారు. ఫిబ్రవరి నెలాఖరున హైదరాబాద్‌లో మంత్రులు వేదిక మీద చికెన్ తిని చూపించాల్సి వచ్చింది. ఆ నష్టం భయం చేసింది, ప్రభుత్వ ఉత్తర్వు చేసింది కాదు. కాబట్టి నష్టాల వైపు రెండు గళ్లు పెట్టండి: ఒకటి భయం వల్ల, ఒకటి ఉత్తర్వు వల్ల.

అమెరికాలో గూల్స్‌బీ, సైవర్సన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు సెల్‌ఫోన్ల కదలికలను బట్టి ఇదే విడదీశారు. పక్కపక్కనే ఉన్న ప్రాంతాల్లో, ఆంక్షలు ఉన్న చోటి దుకాణాలను, లేని చోటి దుకాణాలను పోల్చారు. దుకాణాలకు వచ్చే జనం 60 శాతం పాయింట్లు తగ్గితే, అందులో ఆంక్షల వాటా 7 పాయింట్లు మాత్రమే అని తేలింది. మిగతాది జనం తమంతట తాము మానుకున్నది. దీన్ని చూపించి "లాక్‌డౌన్ వల్ల పెద్ద నష్టం ఏమీ లేదు" అనేవాళ్లున్నారు. తొందరపడొద్దు. అక్కడ చాలామందికి సొంత కారుంది, ఆంక్షలు ఉన్నా పక్క కౌంటీకి (మన జిల్లా లాంటిది) పోవచ్చు. ఇక్కడ ఆర్టీసీ బస్సు ఆగితే మనిషి ఆగిపోతాడు. మన దగ్గర ఉత్తర్వు వాటా అంతకంటే చాలా ఎక్కువే ఉంటుందని నా అంచనా. ఎంత ఎక్కువ అన్నది ఒక్క అంకెతో చెప్పొద్దు. తక్కువలో తక్కువ ఇంత, ఎక్కువలో ఎక్కువ ఇంత అని రెండు అంకెలు రాయండి.

మేలు వైపు: ఆపామా, వాయిదా వేశామా?

2020 మేలో కేంద్ర ప్రభుత్వం లాక్‌డౌన్ వల్ల 14 నుంచి 29 లక్షల కేసులు, 37 వేల నుంచి 78 వేల మరణాలు తప్పాయని చెప్పింది. ఇవి మనుషులను లెక్కబెట్టి చెప్పినవి కావు, గణిత నమూనాల నుంచి వచ్చినవి. ఏ నమూనా అయినా ఒక ప్రశ్న అడగండి: లాక్‌డౌన్ లేకపోతే జనం ఎలా ఉండేవారని ఇందులో అనుకున్నారు?

యూరప్ లెక్కలు చూస్తే ఈ ప్రశ్న ఎంత ముఖ్యమో తెలుస్తుంది. లండన్ ఇంపీరియల్ కాలేజీ వాళ్లు 2020 జూన్‌లో 11 దేశాల్లో దాదాపు 31 లక్షల మరణాలు తప్పాయన్నారు. వ్యాప్తి తగ్గిన ఘనతనంతా వాళ్లు ప్రభుత్వ చర్యల ఖాతాలోనే వేశారు. జనం భయపడి ఇంట్లో కూర్చున్నది అందులో విడిగా లేదు. 2022లో హెర్బీ, యోనుంగ్, హాంకే అనే ముగ్గురు పాత అధ్యయనాలను కలిపి చూసి, మొదటి వేవ్‌లో లాక్‌డౌన్లు మరణాలను సగటున 0.2 శాతమే తగ్గించాయన్నారు. ఏ అధ్యయనాలు తీసుకున్నారు, దేనికి ఎంత బరువిచ్చారు అని దానిమీదా గట్టి విమర్శలు వచ్చాయి. ఒకరు లక్షల్లో అంటారు, ఒకరు దాదాపు ఏమీ లేదంటారు. ఇద్దరిలో మీకు నచ్చినవాళ్లను ఎంచుకోవడం లెక్క కాదు.

మేలు వైపు అసలు ప్రశ్న ఇంకోటుంది. కేంద్ర వైద్య పరిశోధన సంస్థ ఐసీఎంఆర్ దేశమంతటా రక్త నమూనాలు తీసి, ఎంతమందికి అప్పటికే వైరస్ సోకిందో చూసే సీరో సర్వే చేసింది. ఎంచుకున్న జిల్లాల్లో మా నల్గొండ కూడా ఒకటి. 2020 మే, జూన్ నాటికి వైరస్ సోకినట్టు తేలినవాళ్లు 0.73 శాతం. 2021 జూన్, జులై నాటికి యాంటీబాడీలు ఉన్నవాళ్లు 67.6 శాతం, అందులో టీకా వేయించుకున్నవాళ్లు కొంతమందే. అంటే మొదటి లాక్‌డౌన్ చాలామందికి వైరస్‌ను తప్పించలేదు, వెనక్కి జరిపింది. వెనక్కి జరపడం చిన్న విషయం కాదు. దాని విలువ మధ్యలో ఏం వచ్చిందన్న దాన్ని బట్టి ఉంటుంది. మార్చిలో మన దేశంలో పీపీఈ కిట్ల తయారీయే లేదు, మే నెలాఖరుకు రోజుకు లక్షల్లో తయారయ్యాయి. జనవరిలో పరీక్షకు పుణె ల్యాబ్ ఒక్కటే దిక్కు, మే నాటికి వందల ల్యాబులు. 2020 జూన్ 16న డెక్సామెథసోన్ ఫలితం వచ్చింది: వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లలో మరణాలను మూడో వంతు, ఆక్సిజన్ మీద ఉన్నవాళ్లలో ఐదో వంతు తగ్గించింది. ప్రతి మందుల షాపులో దొరికే చవక స్టెరాయిడ్ అది. ఏప్రిల్‌లో జబ్బు పడాల్సిన మనిషి జులైలో పడితే, ఆ మూడు నెలల తేడాయే అతన్ని బతికించి ఉండొచ్చు. మేలు గడిలో ఇది తప్పకుండా రాయాలి.

పక్కనే "సమయాన్ని ఎలా వాడాం" అని ఇంకో గడి గీయండి. ఆసుపత్రుల్లోనే ఆక్సిజన్ తయారుచేసే ప్లాంట్లకు కేంద్రం టెండర్లు పిలిచింది 2020 అక్టోబర్‌లో. మంజూరైన 162లో 2021 ఏప్రిల్ 18 నాటికి బిగించినవి 33. ఆ నెలలో ఆక్సిజన్ లేక పోయిన ప్రాణాలను లాక్‌డౌన్ ఖాతాలో వేయకూడదు. లాక్‌డౌన్ సంపాదించి పెట్టిన సమయాన్ని వాడుకోని ఖాతాలో వేయాలి. నాకు ఈ గడి నింపేటప్పుడు ఇప్పటికీ కడుపు మండుతుంది.

నష్టాల వైపు: అందరూ రాసేవి, ఎవరూ రాయనివి

డబ్బు నష్టం అందరికీ తెలుసు. 2020 ఏప్రిల్-జూన్ త్రైమాసికంలో జీడీపీ అంతకు ముందు ఏడాదితో పోలిస్తే 23.9 శాతం పడిపోయిందని మొదటి అంచనా. 35.35 లక్షల కోట్ల నుంచి 26.90 లక్షల కోట్లకు. తేడా 8.45 లక్షల కోట్ల రూపాయలు.

ఎక్కువమంది వదిలేసేది ఆరోగ్య నష్టం. 2019లో దేశంలో నమోదైన టీబీ కేసులు 24.04 లక్షలు, 2020లో 18.05 లక్షలు. జబ్బు తగ్గలేదు, కనిపెట్టడం తగ్గింది. బస్సు లేక రోగి రాలేదు, వచ్చినా టీబీ సిబ్బంది, యంత్రాలు కోవిడ్ పనిలో ఉన్నాయి. కనిపెట్టని ప్రతి కేసూ ఇంట్లో ఇంకొకరికి అంటుకుంటుంది. డయాలసిస్, కాన్పులు, పిల్లల టీకాలు కూడా ఈ గడిలోవే. అలాగే తగ్గిన చావులనూ రాయాలి. రోడ్డు ప్రమాదాల్లో 2019లో 1,51,113 మంది చనిపోతే 2020లో 1,31,714 మంది. లాక్‌డౌన్ అంటే కోపం ఉన్నవాళ్లు ఈ అంకె దాచేస్తారు, మీరు దాచొద్దు.

ఇక బడులు. నా ఉద్యోగమే అది కాబట్టి ఈ వరస దగ్గర ఎక్కువసేపు ఆగుతాను. తెలంగాణలో మద్యం దుకాణాలు 2020 మే 6న తెరిచారు. బడులు మధ్యలో కొన్ని తరగతులకు కొన్ని వారాలు తెరిచి మళ్లీ మూసి, అందరికీ తెరిచింది 2021 సెప్టెంబర్ 1న. టీశాట్, దూరదర్శన్ యాదగిరి టీవీ ఛానళ్లలో పాఠాలు వచ్చాయి. ఇంట్లో ఒకే ఫోను ఉంటే అది తండ్రితో పాటు పనికి పోతుంది. పల్లెల్లో పిల్లల చదువును పరీక్షించే అసర్ సర్వే ప్రకారం మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు 2018లో 27.3 శాతం, 2022లో 20.5 శాతం. ఇది దేశంలోని పల్లెలన్నింటి అంకె.

నా క్లాసులో అది ఇలా కనిపించింది. 2020 మార్చిలో ఎనిమిదో తరగతిలో ఉన్న ఒక అమ్మాయి 2023లో నా సెకండియర్ క్లాసుకు వచ్చింది. డిమాండ్ వ్యాకోచత్వం, అంటే ధర మారితే కొనడం ఎంత మారుతుందన్న పాఠం చెబుతున్నాను. ధర పెరిగితే బియ్యం కొనడం అంతగా తగ్గదు, పౌడర్ డబ్బా కొనడం తగ్గుతుంది అని తనే చక్కగా చెప్పింది. సూత్రం దగ్గరికి వచ్చేసరికి చేయి ఆగిపోయింది. 40 నుంచి 50కి పెరిగితే ఎంత శాతం అన్నది తనకు రాదు. విషయం బుర్రలో ఉంది, శాతాలు లేవు. ఆ లెక్కలు గట్టిపడాల్సిన తొమ్మిదో తరగతి బడి సరిగా నడవనే లేదు. ఇలాంటి నష్టం ఏ త్రైమాసిక జీడీపీలోనూ కనపడదు, ఇరవై ముప్ఫై ఏళ్ల పాటు ఆ పిల్ల జీతంలోంచి కొంచెం కొంచెంగా తెగుతుంది. మేలు వైపు న్యాయంగా రాయాలంటే: పిల్లలకు వైరస్ ముప్పు తక్కువే కానీ ఇంట్లో నాయనమ్మకు ఎక్కువ. ఆ భయం నిజమైనదే. కానీ స్వీడన్‌లో 16 ఏళ్లలోపు పిల్లల బడులు మొదటి నుంచీ తెరిచే ఉన్నాయి. పెళ్లికి 50 మందిని అనుమతించిన చోట, చెట్టు కింద పదిమంది పిల్లలను కూర్చోబెట్టడానికి ఒప్పుకోకపోవడాన్ని నేను సమర్థించలేను.

ఎవరు కట్టారు?

మేలు, నష్టం రాశాక మూడో నిలువు గడి ఇది. నా దృష్టిలో మిగతా లెక్కంతా కలిపినా దీనంత ముఖ్యం కాదు. మేలు ఎవరికి పోయింది, బిల్లు ఎవరు కట్టారు?

మా పిల్లలు ప్రాజెక్టు కోసం ఒక టెంట్ హౌస్ ఆయన దగ్గరికి పోయారు. నేనూ వెంట ఉన్నాను. కుర్చీలు, షామియానాలు, సౌండ్ సెట్టు, వాటిని మోసే ఒక డీసీఎం వ్యాను. ఏడాది సంపాదనలో సగానికి పైగా ఏప్రిల్, మే ముహూర్తాల్లోనే వస్తుంది. మే 4 తర్వాత పెళ్లికి 50 మందిని అనుమతించారు, 50 మందికి టెంటు ఎవరు వేయిస్తారు? రిజర్వ్ బ్యాంకు మార్చి 27న అప్పు వాయిదాల మీద మారటోరియం, అంటే కొన్నాళ్లు కట్టకుండా ఆపుకునే వెసులుబాటు ఇచ్చింది, ఆగస్టు నెలాఖరు దాకా పొడిగించింది. అది బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీల అప్పులకు. ఈయన సగం అప్పు చేసింది గిరిగిరి వాళ్ల (ప్రైవేటు వడ్డీ వ్యాపారుల) దగ్గర. "పెండ్లిళ్లు ఆగినయ్ గని కిస్తులు ఆగలే మేడం" అన్నాడు. సౌండ్ సెట్టు అమ్మి కట్టాడు.

అదే నెలల్లో నా సంగతి: తెలంగాణ ప్రభుత్వం ఉద్యోగుల జీతాల్లో సగం ఆపింది. టెన్షన్ పడ్డాం. ఆపిన ఆ సగం తర్వాత వాయిదాల్లో వచ్చేసింది. ఆయన సీజన్ రాలేదు. లాక్‌డౌన్ వల్ల మా ఇద్దరికీ వైరస్ ముప్పు ఒకేలా తగ్గింది, కట్టిన ధర మాత్రం ఒకటి కాదు. తెల్ల రేషన్ కార్డుకు మనిషికి 12 కిలోల బియ్యం, ఇంటికి 1,500 రూపాయలు తెలంగాణ ఇచ్చింది. ఆంధ్రప్రదేశ్ ఇంటికి 1,000 ఇచ్చింది. అవి ఆకలికి అడ్డుపడ్డాయి, సందేహం లేదు. పోయిన సంపాదనకు అవి పరిహారం కావు.

వలస కూలీల వరస కూడా ఇక్కడే నింపాలి. సంగారెడ్డి దగ్గర కంది ఐఐటీ కట్టడం పనిలో ఉన్న కూలీలు ఏప్రిల్ 29న ఇళ్లకు పంపమని ఆందోళన చేశారు. మే 1న లింగంపల్లి నుంచి ఝార్ఖండ్ హతియాకు దాదాపు 1,200 మందితో వలస కూలీల కోసం వేసిన శ్రామిక్ రైళ్లలో దేశంలోనే మొదటిది వెళ్లింది. శ్రీకాకుళం, విజయనగరం మత్స్యకారులు గుజరాత్ వెరావల్ రేవులో పడవల్లోనే వారాల తరబడి ఉండిపోయారు. మే 8న ఔరంగాబాద్ దగ్గర పట్టాల మీద నిద్రపోయిన 16 మంది కూలీల మీదుగా గూడ్స్ రైలు పోయింది.

ఇవన్నీ లాక్‌డౌన్ నష్టాలా? ఒక్కోదానికీ ఈ ప్రశ్న వేసి చూడండి: ఈ నష్టం లేకుండా అదే మేలు వచ్చేదా? నాలుగు రోజుల వ్యవధి ఇచ్చి రైళ్లు నడిపి ఉంటే? స్టేషన్లలో తొక్కిసలాట జరిగేది, వైరస్ ఊళ్లకు పాకేదని ఒక వాదన. అప్పటికి బయటపడిన కేసులు 500. మే 1 నాటికి 35 వేలు దాటాయి. కూలీలను ముప్పు తక్కువ ఉన్నప్పుడు ఆపి, ఎక్కువయ్యాక పంపాం. కాబట్టి ఈ నష్టాన్ని నేను లాక్‌డౌన్ కింద రాయను, వ్యవధి ఇవ్వకపోవడం అనే వరసలో రాస్తాను. ఆ వరసలో మేలు గడి నాకు దాదాపు ఖాళీగా కనిపిస్తుంది.

ప్రాణానికి రూపాయల్లో వెల కట్టాలా?

జీతాన్ని బట్టి కడితే టెంట్ హౌస్ ఆయన ప్రాణం సాఫ్ట్‌వేర్ ఉద్యోగి ప్రాణం కంటే చవకవుతుంది. నేను ఒప్పుకోను. అందుకే లెక్కను తిప్పి వేయిస్తాను. త్రైమాసిక నష్టం 8.45 లక్షల కోట్లలో సగం ఉత్తర్వు వల్ల అనుకుందాం, ఇది ఊహ మాత్రమే. ప్రభుత్వం చెప్పిన 78 వేల ప్రాణాలతో భాగిస్తే ఒక్కో ప్రాణానికి దాదాపు 5.4 కోట్లు, 37 వేలతో భాగిస్తే 11.4 కోట్లు. సగం బదులు పావు వంతే అనుకుంటే 2.7 కోట్లు, 5.7 కోట్లు. తర్వాతి నెలల్లో కోలుకున్న వ్యాపారం ఇందులో లేదు, వాయిదా వల్ల తర్వాత దక్కిన ప్రాణాలు లేవు, బడుల నష్టమూ లేదు. ఒక్క ఊహ మారిస్తే జవాబు ఎంత మారుతుందో చూశారుగా. ఎవరైనా ఒకే అంకె చెప్పి గట్టిగా మాట్లాడితే, ఏ ఊహ మీద నిలబడ్డారో అడగండి.

పేజీ మీద రెండు తేదీలు వేయండి

ఒకటి నిర్ణయం జరిగిన రోజు, ఇంకోటి ఇవాళ. 2020 మార్చి 24న ఇటలీ ఆసుపత్రులు కళ్ల ముందున్నాయి, ఈ వైరస్ ఎంతమందిని చంపుతుందో ఎవరికీ సరిగా తెలియదు, కిట్లు లేవు. ఆ రోజు తెలిసిన దాన్ని బట్టి మొదటి మూడు వారాలను నేను తప్పుపట్టను. ఏప్రిల్ మధ్య నుంచి, కేసులే లేని జిల్లాల్లో కూడా బస్సులు, కట్టడాల పనులు ఆపి ఉంచడం నా లెక్కలో నిలబడదు. 2021 పేజీలో నా తీర్పు తిరగబడుతుంది. ఏప్రిల్ 17న మా జిల్లాలోనే నాగార్జునసాగర్ ఉప ఎన్నిక జరిగింది, సభలకు జనాన్ని తరలించారు, లాక్‌డౌన్ మే 12న వచ్చింది. ఆ పేజీలో ఆలస్యం అనే వరస గీసి, నష్టం దాని కింద రాయాలి. మీ లెక్క వేరేలా రావచ్చు, కానీ ఏ గడిలో నాతో విభేదించారో వేలు పెట్టి చూపగలగాలి.

మరణాల అంకె దగ్గర మాత్రం రెండూ రాయండి. 2020, 21 సంవత్సరాలకు మన అధికారిక కోవిడ్ మరణాలు దాదాపు 4.8 లక్షలు, ప్రపంచ ఆరోగ్య సంస్థ అదనపు మరణాల (మామూలుగా జరిగేవాటికంటే ఎక్కువగా జరిగినవి) అంచనా 47 లక్షలు. ఆ అంచనాను మన ప్రభుత్వం ఒప్పుకోలేదు. 2025 మేలో బయటికొచ్చిన జనన మరణాల రిజిస్ట్రేషన్ లెక్కల్లో 2020లో 81.2 లక్షలు ఉన్న నమోదిత మరణాలు 2021లో 1.02 కోట్లయ్యాయి. నా పిల్లలు ఆ ఏడాది ఆ గడి మొత్తం చెరిపి మళ్లీ రాశారు.

మొత్తం పేజీ ఒకేసారి నింపాలని చూడకండి. మొదలుపెట్టేవాళ్లకు బడుల వరస ఇస్తాను. అంకెలు దొరుకుతాయి, మీ వీధిలోనే అడగడానికి మనుషులుంటారు, తెరిచిన తేదీ మూసిన తేదీ ఊళ్లో ఏ టీచర్‌నడిగినా చెబుతారు. అది అయ్యాక రైళ్లు, బస్సుల వరసకు పోండి.